రోలర్ ఎక్కని కారు

అతన్ని అందరూ గాలి అల్లుడనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది స్వయానా మామగారే. పెట్టిన రోజున అది అచ్చమైన తిట్టు. పనీ పాటా లేని గాలివాడికి పిల్లనివ్వాల్సి వచ్చిందని ఆయన కడుపుమంట. తీరా పెళ్ళయ్యాక ఆ అల్లుడు కార్ల ఇంజన్లకి గాలి గొట్టాలు మార్చే షాపు పెట్టుకునేసరికి తిట్టు కాస్తా వృత్తి పేరైపోయింది. మామగారు తిట్టడానికి ఇంకో మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

షాపు పెద్దదేం కాదు. షట్టరు ఎత్తితే రెండు కార్లు పట్టే చోటు, ఒక మూల కాఫీ మెషీన్ పెట్టిన గాజు గది, గోడకి వేలాడే రకరకాల గొట్టాలు, నేలలో పాతిన ఇనుప రోలర్. వచ్చేవన్నీ మజిల్ కార్లే: పొడుగు మూతి, వెడల్పు నడుము, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. కంపెనీ వాళ్ళు ఆ ఇంజను ఊపిరి పీల్చడానికి ఒక ప్లాస్టిక్ పెట్టె పెట్టి పంపుతారు. గాలి ఇవ్వడంతో పాటు చప్పుడు బయటికి పొక్కకుండా చూడటం కూడా ఆ పెట్టె పనే. జలుబు చేసిన మనిషిలా ఇంజను గుట్టుగా ఊపిరి తీస్తూ ఉంటుంది. గాలి అల్లుడు ఆ పెట్టె పీకేసి, దాని చోట నున్నటి లావు గొట్టమూ, దాని చివర గరాటు లాంటి ఫిల్టరూ బిగిస్తాడు. అక్కడితో అయిపోదు. గాలి ఎక్కువ వస్తోందన్న కబురు ఇంజనుకున్న కంప్యూటరుకి అందాలి, లేకపోతే అది పాత లెక్కనే పెట్రోలు పోస్తూ కూర్చుంటుంది. అందుకని ల్యాప్‌టాప్ తగిలించి, ఎంత గాలికి ఎంత పెట్రోలు, పెడల్ ఎంత తొక్కితే ఎంత పరుగు అని ఒక్కొక్కటే సర్దుతాడు. ట్యూనింగ్ అంటే అదే.

ఈ పనిలో ఒక చిక్కుంది. గొట్టం మార్చగానే ఇంజను హోరెత్తిపోతుంది. ఆ హోరు వినగానే కారు ఓనరు చెవులు అతని బుర్రని మోసం చేస్తాయి. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు కారు తెచ్చి వదిలి వెళ్ళాడు. కావాల్సిన గొట్టం రాలేదు, ఊరికే కడిగి తుడిచి పక్కన పెట్టాడు గాలి అల్లుడు. ఆ సంగతి చెప్పే లోపే డాక్టరు కారెక్కి ఒక చుట్టు చుట్టొచ్చి, "ఏం లాగుతోందండీ, సీటుకి అతుక్కుపోయాను" అన్నాడు. ఆ రోజే గాలి అల్లుడు ఒక నియమం పెట్టుకున్నాడు. పని మొదలెట్టే ముందు కారుని రోలర్ ఎక్కించి, చక్రాలు తిప్పి, బలం ఎంతో చూస్తాడు. పని అయ్యాక మళ్ళీ చూస్తాడు. ఆ రెండో అంకె స్క్రీన్ మీద పడందే తాళం చేతికివ్వడు.

మామగారిది ఉద్యోగమంతా డ్రైవింగ్ టెస్టులు పెట్టే పని. లైసెన్సు కోసం వచ్చినవాడి పక్క సీట్లో బిగుసుకుని కూర్చునేవాడు. తప్పు దొరికితే ఆయన నోటి నుంచి వచ్చేవి రెండే మాటలు: "మళ్ళీ రా." వయసులో ఉన్నప్పుడు గాలి అల్లుడు కూడా తెల్లగీతకి ఇవతలే ఆగాల్సింది పోయి ముందు చక్రం దాని మీద పెట్టి ఆగి, ఆ రెండు మాటలూ తిన్నవాడే. మళ్ళీ వచ్చిన రోజున తండ్రికి క్యారేజీ తెచ్చిన అమ్మాయి కనపడింది. ఆ తర్వాత లైసెన్సు చేతికొచ్చినా అతను ఆ టెస్టుల మైదానానికి రావడం మానలేదు. ఇంట్లో పెళ్ళి గొడవ లేచినప్పుడు ఆ అమ్మాయి, "మళ్ళీ రా, మళ్ళీ రా అని పిలిచింది మీరే కదా నాన్నా" అంది. అయినా ఆయన ససేమిరా అన్నాడు. అత్తగారు మాత్రం కూతురి పక్షాన నిలబడి, భర్తతో మాటలు మానేసి, పంతం నెగ్గించుకుంది.

పెళ్ళయితే అయింది గాని, మామగారు ఏనాడూ అల్లుడి పనిని 'బాగుంది' అన్న పాపాన పోలేదు. ఇల్లు కట్టుకుంటే కిటికీ గడియ బిర్రుగా ఉందన్నాడు. షాపు తెరిస్తే షట్టరు కిర్రుమంటోందన్నాడు. మనవరాలు పుడితే ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏడుపు పర్వాలేదన్నాడు. గాలి అల్లుడు పైకి నవ్వేసేవాడు గాని, ఆ ఒక్క మాట కోసం మొహం వాచి ఉన్నాడు.

అలాంటి పెద్దమనిషి రిటైరయ్యాక ఏం చేశాడనుకున్నారు? నారింజ రంగు మజిల్ కారు కొన్నాడు. జన్మంతా పక్క సీట్లో కూర్చుని జనాన్ని నెమ్మది, నెమ్మది అని అదిలించిన మనిషికి, స్టీరింగు తన ముందుకి రాగానే అరికాలికి ప్రాణం లేచొచ్చింది. ఒక ఉదయం ఆ కారు తిన్నగా వచ్చి షాపు ముందు ఆగింది. మామగారు దిగి, నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"ఆ గొట్టాలేవో పెడతావట కదా. దీనికీ పెట్టు. కాస్త పరిగెత్తాలి."

గాలి అల్లుడికి కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పటికప్పుడే కారుని రోలర్ ఎక్కించి మొదటి అంకె చూసుకున్నాడు. ఈ పని కుదిరిందంటే ఆ మాట రాక తప్పదని లోలోపల గంతులేశాడు. ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు. కూరగాయల సంచీతో అత్తగారు దిగబడింది.

"ఆ కారులో పక్కన కూర్చునేది నేను నాయనా," అంది, సంచీ బల్ల మీద పెట్టి. "ఎక్కగానే కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఇంటి గేటు దగ్గరే తెరవడం. మొన్న లారీని దాటుతుంటే నీళ్ళ సీసా నొక్కేసి నిలువునా తడిసిపోయాను. అది చాలదని నువ్వింకా దానికి పరుగు నేర్పుతావా?"

"మామయ్య అడిగారు అత్తయ్యా."

"అడిగింది ఇవ్వు. హోరు పెట్టు, పరుగు తీసెయ్యి. చప్పుడుంటే చాలు, మీ మగవాళ్ళకి తేడా తెలిసి చచ్చిందా?"

"అది మోసం కదా అత్తయ్యా."

"నీ పెళ్ళప్పుడు నేను మా ఆయనతో మాటలు మానేశాను. గుర్తుందా?"

గాలి అల్లుడు ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకుంటే ఆవిడ బట్టలు మడతపెడుతూ, "నన్నడగకు. నాకు అమ్మా కావాలి, నాన్నా కావాలి. నీ తిప్పలు నువ్వు పడు" అని చేతులు దులిపేసుకుంది.

చివరికి అత్తగారి మాటే నెగ్గింది. గొట్టం మాత్రం షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే లావుది బిగించాడు. ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి, పెడల్ పూర్తిగా తొక్కినా ఇంజనులోకి గాలి వెళ్ళే తలుపు సగానికి మించి తెరుచుకోకుండా సర్దేశాడు. కారు స్టార్టు చేస్తే వీధి దద్దరిల్లింది. కదిలితే మాత్రం బుద్ధిమంతురాలిలా కదిలింది. మామగారు వచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు.

"రెండోసారి ఎక్కించవా రోలర్ మీద?"

"దాని బెల్టు తెగింది మామయ్యా," అన్నాడు గాలి అల్లుడు. నియమం పెట్టుకున్నాక రెండో అంకె చూడకుండా బయటికి వెళ్ళిన కారు అదొక్కటే.

మామగారు ఇంటికెళ్ళి, అత్తగారిని ఎక్కించుకుని ఊరు చుట్టి, సాయంత్రానికి మళ్ళీ షాపు ముందు ఆగాడు. అద్దం దించి, "బాగుంది" అన్నాడు. అని, అద్దం ఎత్తేసి వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట. వచ్చింది. వచ్చి, దొంగ సొత్తులా చేతిలో పడింది. ఆ రాత్రి గాలి అల్లుడికి ముద్ద దిగలేదు. భార్య మొహం చూసి, "అన్నారుగా బాగుందని, ఇంకేం కావాలి?" అంటే, "చెయ్యని పనికి అన్నారు" అని పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత నారింజ రంగు కారు ఏది వీధిలో కనపడినా షట్టరు చాటుకి తప్పుకునేవాడు. ఇది తన షాపేనని గుర్తొచ్చాక మళ్ళీ బయటికి వచ్చేవాడు.

కొన్నాళ్ళకి తప్పుకోవడానికి చోటు లేకుండా ఆ కారు నేరుగా షాపు లోపలికే వచ్చింది. మామగారు దిగాడు. అటు వైపు నుంచి అత్తగారూ దిగింది.

"బెల్టు బాగయిందా?"

"అయింది మామయ్యా."

"అయితే ఎక్కించు. పరీక్ష పెట్టకుండా పాస్ చేశావు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది."

అత్తమామలిద్దరూ గాజు గదిలోకి వెళ్ళి కాఫీ తీసుకున్నారు. గాలి అల్లుడు కారుని రోలర్ మీదకి ఎక్కించి, ముందుకి దూకకుండా పట్టీలు బిగించి, ల్యాప్‌టాప్ తగిలించాడు. పూర్తి బలమిచ్చే అసలు ట్యూన్ అందులోనే ఉంది. ఒక్క మీట నొక్కితే కారులోకి ఎక్కేస్తుంది, అంకె అదిరిపోతుంది, 'బాగుంది' అన్న మాట నిలబడుతుంది. అప్పుడు అత్తగారు మళ్ళీ కళ్ళు మూసుకుని ఇల్లు చేరాలి. తల ఎత్తి చూస్తే గాజు గదిలోంచి ఆవిడ అతన్నే చూస్తోంది. కప్పు మూతి దగ్గర పెట్టుకుంది గాని తాగడం లేదు. అతని వేలు మీట మీద కాసేపు ఆగింది. ఒక అబద్ధమే అరగక చస్తుంటే దాని మీద ఇంకొకటా అనుకుని, ల్యాప్‌టాప్ మూసేసి ఇంజను తిప్పాడు.

హోరుకి గాజు గది అద్దాలు వణికాయి. స్క్రీన్ మీద అంకె పడింది. పని చేయక ముందున్న దానికంటే బాగా తక్కువ. మామగారు బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, అంకె వైపు తీరిగ్గా చూశాడు.

"నేనే తగ్గించాను మామయ్యా," అన్నాడు గాలి అల్లుడు. "బెల్టు తెగలేదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"పక్క సీట్లో కూర్చుని బతికినవాణ్ణి. నడిపేవాడు పెడల్ ఎంత తొక్కాడో, కారు ఎంత కదిలిందో కళ్ళు మూసుకుని చెప్తాను. ఆ రోజు మీ వీధి మలుపు తిరక్క ముందే తెలిసింది."

"మరి బాగుంది అన్నారు."

మామగారు గాజు గది వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ రోజు మీ అత్తయ్య కిటికీ అద్దం దించుకుంది. దారి పొడుగునా ఏవో ఒక కబుర్లు చెప్తూనే ఉంది. కారు కొన్నాక ఆవిడ కళ్ళు తెరిచి నా పక్కన కూర్చోవడం అదే మొదలు. అది బాగుంది అన్నాను. నీ పని బాగుందని ఎవరన్నారు?"

గాలి అల్లుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్ని రోజులు అన్నం మానుకున్నది ఈ మాటకా అని ఒళ్ళు మండింది. ఆ వెంటనే గుండెల మీద నుంచి బండ దింపినట్టు హాయిగానూ ఉంది.

"అయితే ఇప్పుడీ రోలర్ ఎందుకు మామయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబు గాజు గది తలుపు తీసుకుని వచ్చింది.

"నేనే లాక్కొచ్చాను," అంది అత్తగారు. "ఇంత గోల చేసుకుంటూ పోతున్నామా, నిన్న స్కూటరు మీద పాలవాడు మమ్మల్ని దాటిపోయాడు. ఊరికే దాటలేదు, చెయ్యి కూడా ఊపాడు. నా తల కొట్టేసినట్టయింది. నువ్వు తీసేసిన పరుగులో కాస్త తిరిగి పెట్టు నాయనా."

అనేశాక గాని, తన గుట్టు తనే విప్పి నోరు జారిన సంగతి ఆవిడకి తెలియలేదు. కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. మామగారి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలే నవ్వుతాయి.

ఆ ట్యూన్ కుదర్చడానికి గాలి అల్లుడికి తల ప్రాణం తోకకి వచ్చింది. అత్తగారు కళ్ళు మూసుకోకూడదు, పాలవాడు దాటకూడదు. ఈ రెంటికీ మధ్య సందు ఎంతో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. సర్దాడు, ఎక్కించాడు, చూశాడు, మళ్ళీ సర్దాడు. రెండో అంకె మొదటి దానికంటే కాస్త పైన నిలిచాక మామగారికి చూపించి తాళం చాపాడు. ఆయన తీసుకోలేదు.

"నువ్వే నడుపు," అని వెళ్ళి పక్క సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. అత్తగారు వెనక ఎక్కింది.

గాలి అల్లుడికి లైసెన్సు నాటి మైదానం గుర్తొచ్చింది. అయినా కారు మాట విన్నది. తొక్కినంతకి కదిలింది, దాటాల్సిన చోట దాటింది. అద్దంలో చూస్తే అత్తగారు కళ్ళు విప్పార్చుకుని, పాలవాడు ఎక్కడైనా తగులుతాడేమోనని రోడ్డంతా గాలిస్తోంది. సిగ్నల్ పడింది. గాలి అల్లుడు మెత్తగా బ్రేకు తొక్కి ఆపాడు.

మామగారు తలుపు తీసి, కిందికి వంగి ముందు చక్రం వైపు చూశాడు. చక్రం తెల్లగీత మీద ఉంది. ఆయన తలుపు మూసి, నిటారుగా సర్దుకుని, ముందుకి చూస్తూ చెప్పాడు.

"కారు బాగుంది. నువ్వు మాత్రం మళ్ళీ రా."