సంజీవమ్మ ఎంచిన పరుపు

సంజీవమ్మది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఇంట్లో పనికి కుదిరిన తొలిరోజే, యజమానురాలు తన తల్లిని ఆమెకు అప్పగించింది. యజమానురాలిని అక్కడి పనివాళ్ళందరిలాగే మామా, అంటే అమ్మా అనీ, ముసలామెను మామా కబీరా, అంటే పెద్ద మామా అనీ పిలిచేది సంజీవమ్మ.

పెద్ద మామాకు ఎనభై దాటాయి. చూపు మందగించింది, మోకాళ్ళు అరిగాయి. అయినా పొద్దున్నే మంచం దిగడం మాత్రం ఎవరి సాయమూ లేకుండా దిగాలి. అది ఆమె పంతం. పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వదిలి, పరుపు అంచు మీద అరచేయి మోపి, "యల్లా" అని తనను తానే అదిలించుకుని లేచేది. సంజీవమ్మ పక్కన నిలబడాలి గాని చేయి వేయకూడదు. వేసిందా, ఆ చేతి మీద చిన్న దెబ్బ పడేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆమెది పాత దూది పరుపు. ఎండలు ముదిరి సముద్రం మీంచి ఉక్క తిరిగితే ఆ ఇంటి కిటికీ అద్దాలు కూడా చెమర్చేవి. ఆ తేమంతా పీల్చుకుని పరుపు ముక్కవాసన కొట్టేది. నడుమ గుంట పడింది కూడా. ఇక లాభం లేదని మామా కొత్తది కొనాలనుకుంది.

"నువ్వూ రా సంజీవా. అమ్మను లేపేదీ పడుకోబెట్టేదీ నువ్వే కదా. పరుపు నువ్వే చూడు" అంది.

అర్దియా వైపున్న పరుపుల దుకాణంలో మహమ్మద్ గౌస్ అనే కడప మనిషి పనిచేస్తున్నాడు. మామా ఫోన్‌లో మాట్లాడుతూ దూరంగా వెళ్ళింది. సంజీవమ్మ యాస వినగానే అతని మొహం వెలిగింది.

"ఎవురికిక్కా పరుపు?"

"ముసలామెకు తమ్ముడా. ఇల్లు సముద్రం పక్కన్నే ఉండాది."

"అట్లయితే ఈ గట్టిది తీసుకో. లోపల స్ప్రింగులు, మధ్యలో గాలి ఆడతాది. తేమ నిలబడదు. అంచు మింద కూచ్చో, చూడు, కుంగదు. ముసలోళ్ళు లేసేదానికి అంచే ఆధారం. ఆ పక్కనుండేది మెత్తగా బాగుంటాది గానీ వేడీ చెమటా పట్టుకుంటాది. మీ ఇంటికి వద్దుక్కా."

సంజీవమ్మ గట్టిదాని మీద కూర్చుని చూసింది. ఆ పక్కదాన్ని కూడా చూద్దామని మెత్తటి పరుపు మీద వాలింది. వంటింటి వెనక తన గదిలో పలచటి స్పాంజి ముక్క మీద ఏళ్ళ తరబడి పడుకుని నొప్పి పట్టిన నడుము అది. ఒక్కసారిగా ఎవరో ఒళ్ళోకి తీసుకున్నట్టయింది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

మామా వచ్చి నవ్వింది. "ఏం, బాగుందా?"

"బాగుంది మామా. ఇదే."

గౌస్ ఏదో చెప్పబోయి, యజమానురాలి ముందు మనకెందుకులే అన్నట్టు ఆగిపోయాడు.

మొదటి వారం పెద్ద మామా కూడా మురిసిపోయింది. పరుపు తడుస్తుందేమోనని సంజీవమ్మ దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేసింది. తర్వాత తర్వాత పొద్దున్నే అంచు మీద చేయి మోపితే చేయి లోపలికి దిగబడటం మొదలైంది. "యల్లా" అనేది, లేవలేకపోయేది. సంజీవమ్మ చంకల కింద చేతులు వేసి లేపేది. వయసు మీద పడుతోందిలే అని సర్దిచెప్పుకుంది.

ఒక పొద్దున సంజీవమ్మ వేడినీళ్ళు తేవడానికి వెళ్ళింది. వచ్చేసరికి పెద్ద మామా మంచం పక్కన నేల మీద ఉంది. అంచు కుంగి జారిపోయింది. ఎముకలు విరగలేదు గాని ధైర్యం విరిగింది. ఆ రోజు నుంచి, చేయి వేస్తే కొట్టే మనిషి తానే సంజీవమ్మ చేయి వెతుక్కోసాగింది. సగం రోజు పడుకునే ఉండేది.

ఉక్క రోజులు వచ్చాయి. ముసలామె వీపంతా చెమటకాయలు లేచాయి. దుప్పటి మారుస్తూ పరుపు ఒక కొస ఎత్తి చూస్తే, కింద చెక్కపలకకు ఆనుకున్న చోటంతా నల్లటి బూజు. సంజీవమ్మకు గౌస్ మాటలు గుర్తొచ్చాయి. కొస దించి దుప్పటి కప్పేసింది. మామాతో రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు చాలాసార్లు వచ్చి పోయింది. ఉక్క తగ్గి, గాలి చల్లబడ్డాక గాని నోరు పెగల్లేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది మామా. తిట్టినా బాగుండేది అనుకుంది సంజీవమ్మ.

మళ్ళీ దుకాణానికి వెళ్ళినప్పుడు గౌస్ ఎత్తిపొడవలేదు. సంజీవమ్మ ఈసారి పడుకోలేదు. పెద్ద మామాలాగా గట్టిదాని అంచు మీద కూర్చుని, అరచేయి మోపి, బరువంతా దాని మీద వేసి లేచి చూసింది. ఎన్నేళ్ళు నిలుస్తుందో గుచ్చి గుచ్చి అడిగింది.

"మంచానికి పలకలు తీపించి చెక్కపట్టీలు ఏయించుక్కా, అడుగున గాలి ఆడల్ల. ప్లాస్టిక్ వద్దు. నీళ్ళు దిగని గుడ్డ తొడుగు ఉండాది, ఉతుక్కోవచ్చు" అన్నాడు గౌస్.

కొత్త పరుపు వచ్చింది. కొన్నాళ్ళకు వీపు మీది కాయలు మానాయి. కానీ పరుపు వచ్చిన మర్నాడు పొద్దున పెద్ద మామా అంచు తడిమి చూసింది. గట్టిగా తగిలింది. చేయి మోపి లేవబోయింది. సగం లేచేసరికి మోకాళ్ళు వణికి కూలబడింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ. చివరికి నేల వైపు చూస్తూ చేయి చాచింది. సంజీవమ్మ పట్టుకుంది.

వ్యాయామాలు చేయించడానికి వచ్చిన నర్సు కాళ్ళు నొక్కి చూసి, "చాలా రోజులు పడుకోబెట్టేశారు. ఈ వయసులో పోయిన బలం మొత్తం తిరిగి రాదు" అంది.

ఆ సాయంత్రం ముసలామె తల దువ్వుతూ సంజీవమ్మ తన వచ్చీరాని అరబ్బీలో చెప్పేసింది. "మామా కబీరా, ఆ మెత్తటి పరుపు నేనే ఎంచాను. నా నడుముకు హాయిగా ఉందని ఎంచాను. నిన్ను తలచుకోలేదు."

పెద్ద మామా మెల్లగా అడిగింది. "నీకు నడుము నొప్పి అని నాకెప్పుడూ చెప్పలేదేం?"

సంజీవమ్మ వంగి మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే పెద్ద మామా కూతురితో పోట్లాడి, వంటింటి వెనక గదికి కూడా ఒక గట్టి పరుపు తెప్పించింది. దాని మీద పడుకోవడం మొదలుపెట్టాక సంజీవమ్మ నొప్పి తగ్గుముఖం పట్టింది. పొద్దున్నే ఏ ఇబ్బందీ లేకుండా చటుక్కున లేస్తుంది. లేచి ముసలామె గదికి వెళుతుంది. నర్సు చెప్పినట్టు కాళ్ళు చాపించి, మడిపించి, నడక కర్ర అందించి, నడుం పట్టుకుని కిటికీ దాకా నడిపిస్తుంది. అంతవరకే నడవగలుగుతోంది పెద్ద మామా, అదీ సంజీవమ్మ పట్టుకుంటేనే.