వీపు ఆనించిన తలుపు

ఆ పేటలో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే అందరూ మొదట కబురుపెట్టేది రబ్బరు బాబాయికే. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ, దాని కడుపులో దాక్కున్న సన్నని అయస్కాంతపు రిబ్బను, ఇవే ఆయన లోకం. కొత్త పట్టీ బిగించాక తలుపు మూసి, దానికి ఛాతీ ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. పట్టీ చట్రాన్ని టప్‌మని పట్టుకునే చప్పుడు గుండెకి తెలియాలని ఆయన సిద్ధాంతం. పేటలోని ఫ్రిజ్‌లన్నిటినీ ఇలా కౌగిలించుకున్నా, ఏ ఇంటాయనా అభ్యంతరం చెప్పలేదు.

అలాంటి గుండె ఒకరోజు నడక తప్పింది. ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ పెట్టి, అయస్కాంతాల్ని ఛాతీకి జానెడు దూరంలో ఉంచుకోమని డాక్టరు మామూలుగా చెప్పి పంపాడు. బాబాయి దాన్ని మరణశాసనంలా విన్నాడు.

ఇంటికొస్తే వంటింట్లో ఫ్రిజ్. దాని మీద వంకాయ ఆకారపు అయస్కాంతం. దాని కింద, మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరు రాసిచ్చిన చీటీ. దగ్గరికెళ్లి చదివే గుండెధైర్యం లేక ఆయన గుమ్మంలోనే కళ్లజోడు సవరించుకునేవాడు. చల్లటి నీళ్లు మానేశాడు. కునుకు పడితే చాలు, ఆ వంకాయ గాల్లో ఎగిరొచ్చి ఛాతీకి అతుక్కున్నట్టు కల. పని చెప్పినవాళ్లకి పట్టీలు దొరకడం లేదని అబద్ధమాడాడు. పట్టీల చుట్టలు మంచం కిందే ఉన్నాయని గుర్తొచ్చిన రోజున మంచాన్ని భార్యకి వదిలేసి వరండాకి వలస పోయాడు.

ఆవిడ బడిలో సైన్సు టీచరు. కొన్నాళ్లు చూసి, ఒక ఆదివారం వంటింటి గుమ్మం దగ్గర ఆయన్ని పట్టుకుంది.

“ఏమండీ, ఎన్నాళ్లీ దాగుడుమూతలు? పని మానేసి ఇంట్లో కూర్చుంటారా?”

“ఆ వంకాయ తలుపుని పట్టుకుని వేలాడుతోంది, చూడు. నాలో ఉన్నది అగ్గిపెట్టెంత. లాగేస్తే?”

ఆవిడ నవ్వలేదు. దిద్దిన పరీక్ష పేపర్లు తెచ్చి పాఠం మొదలుపెట్టింది. తలుపు ఇనుము సొంతంగా అయస్కాంతం కాదట. వంకాయ దగ్గరికొస్తే దాని ప్రభావానికి లొంగి తానూ అయస్కాంతమవుతుందట. రెండూ గట్టిగా హత్తుకున్నప్పుడు పుట్టే ఒరిపిడే వంకాయని జారకుండా ఆపుతుందట. ఇలాంటి పల్చటి అయస్కాంతాల్లో, ఆయన పట్టీల్లోని రిబ్బనులోనూ, ఉత్తర దక్షిణ ధ్రువాలు చారలుచారలుగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బలమంతా ఇరుగుపొరుగులోనే తేలిపోతుందట. గోడకి అటూ ఇటూ తిట్టుకునేవాళ్ల గొంతు వీధి చివరికి వినపడనట్టు.

వంకాయ కింద ఆవిడ ఒక్కో కాగితమే చేర్చింది. మొదట కదల్లేదు. తర్వాత మెల్లగా జారింది. ఇంకొకటి చేర్చగానే కిందపడింది. బాబాయి ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు.

“కాగితాలకే చేతులెత్తేసింది. మీ తోలు అంతకన్నా మందమని నాకు పెళ్లైన కొత్తలోనే తెలుసు.”

“మరి డాక్టరు జానెడన్నాడుగా?”

“అన్నాడు, పాటిద్దాం. జానెడంటే జానెడే. ఊరొదిలి పొమ్మనలేదుగా.”

అని స్కేలు తెచ్చి, ఆయన్ని పక్కకి తిప్పి, ఛాతీ నుంచి వీపుకి కొలిచింది. జానెడు దాటింది. ఇన్నాళ్లూ పెట్టిన తిండి వృథా పోలేదని సంతోషించింది.

మర్నాడు వీధి చివరి మామ్మగారింట్లో పని. చేతులు బారచాపి, ఛాతీని వెనక్కి లాక్కుని, పాముకి మందు రాస్తున్నవాడిలా పట్టీ బిగించాడు. తలుపు మూశాడు. వెనక్కి తిరిగి వీపు ఆనించాడు.

“ఏం నాయనా, లోపల ఎవరినన్నా దాచావా?” అంది మామ్మగారు.

“గుండె కొట్టుకుంటోందా అని చూస్తున్నానండీ.”

“ఎవరిది, ఫ్రిజ్‌దా?”

బాబాయి వీపుని ఇంకాస్త అదిమాడు. వెన్నుకి టప్‌మని తగిలింది. పట్టీ పట్టుకుంది. వెంటనే అరచెయ్యి ఎడమ ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఒకటి కొట్టుకుంది. తర్వాతి దానికి మధ్య ఎడం మరీ ఎక్కువైందనిపించింది గానీ, అదీ వచ్చింది. ఎందుకైనా మంచిదని, మూడోది కూడా వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.