సిస్టం ఒప్పుకోలేదంట

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్నాయన పేరు నేను అడగలేదు. చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపాడట. తర్వాత యూనివర్సిటీలో చేరి విద్యార్థుల చేత కంపెనీలు పెట్టించాడట. ఇప్పుడు ప్రభుత్వంలో వైద్యం కార్డుల కంప్యూటర్ పనంతా ఆయనదే.

ముందు సీట్లో ఉన్న నేతపని చేసే ఆమె ఆ మాట విని వెనక్కి తిరిగింది.

"అన్నా, మా ఇంటాయనకు గుండె ఆపరేషన్ రేపే. కార్డును సిస్టం ఒప్పుకోలేదంట. యాడికి పోయినా అదే మాట సెప్తాండారు."

ఒప్పుకోనిది ఎవరు? దేవుడు ఒప్పుకోడన్న ప్రతివాణ్ణీ జీవితమంతా నేను నిలదీసిన ప్రశ్న అది. ఆయన్నీ అడిగాను.

ఆయన ఫోన్‌లో ఆమె కార్డు నంబరు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"ఎందుకు వద్దంటోందో నాకూ తెలియడం లేదమ్మా."

"నువ్వు సేసిందే గదన్నా! పుట్టించినోని మాట గూడా ఇనదా అది?"

ఆయన తల దించుకున్నాడు. ఎమ్మిగనూరులో ఆమె వెంట ఆయనా దిగాడు, కాగితం మీద సంతకం పెట్టగల మనిషిని వెతకడానికి.

దేవుడి పేరు చెప్పి వద్దన్నవాళ్ళు అబద్ధమాడుతున్నారని తెలుసు కనుక వాళ్ళకు నేనెన్నడూ భయపడలేదు. ఈయన నిజం చెప్పాడు.