మావయ్య వంచిన ఎలక్ట్రాన్

మావయ్య ఈ హిందీ ఊరి స్టీల్ ప్లాంటులో, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తరువాత వైశాలి నగర్ ఇంటి వరండాలో కూర్చుని, పట్కారుతో రాగితీగ వంచి ఎలక్ట్రాన్ తయారు చేస్తుండేవారు.

"మీ పుస్తకాల్లో బిందువంటారేటమ్మా? బిందువంటే కొలతే లేదు. కొలత లేనిదానికి బరువెలాగొస్తాది?" అని, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కోడలినని నన్ను నిలదీసేవారు.

ఆయన ఊహలో ఎలక్ట్రాన్ అంటే ఉంగరంలా చుట్టుకుని తిరిగే వెలుతురు. ఆ ఉంగరంలో ఒక మెలిక. తీగ వెంట వేలు జరుపుకుంటూ పోతే ఒక చుట్టుకి బయలుదేరిన చోటు రాదు, రెండో చుట్టు కూడా తిరగాలి. ఎలక్ట్రాన్ స్పిన్ కూడా అలాగే రెండు చుట్లు తిరిగితేనే మొదటికొస్తుందని ఎక్కడో చదివిన రోజు, భోజనం మధ్యలో లేచి, ఎంగిలిచేత్తోనే ఆ తీగ నాకు చూపించారు.

ఒకనాడు ఆ ఉంగరానికి తను కట్టిన లెక్కలన్నీ నా చేతిలో పెట్టి, తప్పుంటే చెప్పమన్నారు.

తప్పుంది. ఉంగరం మరీ పెద్దది. ఎలక్ట్రాన్లను ఢీకొట్టించి చూసిన ప్రయోగాల్లో అంత వెడల్పు ఎప్పుడో బయటపడాలి. పడలేదు.

"'అచ్ఛా హై' అని చెప్పీ, బస్, చాలు. ఈ వయసులో నాన్నకింకేటి కావాలి?" అన్నారు మా ఆయన. ఆ మాటే నాకు కష్టంగా తోచింది. పసివాడి బొమ్మను మెచ్చుకున్నట్టు మావయ్యని ఎలా మెచ్చుకోను?

సాయంత్రం టీ ఇచ్చి, పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఉంగరం చిన్నది చేసీస్తే?"

"చుట్టు చిన్నదైతే వెలుతురు శక్తి పెరుగుతుంది, దాంతో బరువూ పెరిగిపోతుంది మావయ్యా."

ఆయన మళ్ళీ లెక్క వేశారు. నేనూ వేశాను. ఇద్దరికీ అదే తేలింది. మావయ్య కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుస్తూనే ఉన్నారు.

"అందరికీ చూపించేనమ్మా. బాగుందన్నారు," అన్నారు చివరికి. "నువ్వొక్కర్తివే చదివేవు."

మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వరండాలో ఇంకో కుర్చీ వేసి ఉంది. నా పాఠ్యపుస్తకం మొదటి పేజీ తెరిచి, "మొదట్నుంచి చెప్పు" అన్నారు.

అలా రోజూ చదువుకుంటున్నాం. బిందువు సంగతి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఈమధ్య ప్రోటాన్ గురించి అడిగే ప్రశ్నలు కొన్ని నాకూ అందవు. "తెలీదు మావయ్యా" అంటే ఆయనకి భలే సంతోషం.

"నీకూ తెలీదా! అయితే కుర్చీ ఇలా లాక్కో."