గాజుల చప్పుడుకి తప్పిన గురి

నిన్న సాయంత్రం మన తిరువూరు క్లబ్బులో ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళెవరైనా మిగిలితే, విస్సన్నపేట బస్సు దిగీ దిగగానే టీ కొట్టు దగ్గర వింటారు. కాకపోతే టీ కొట్టు కథలో బంతి వెళ్ళి ప్రెసిడెంటుగారి నుదుటికి తగిలిందట. అబద్ధం! ఆయనకి ఏమీ తగల్లేదు. అందుకే అసలు సంగతి నా నోటితో నేనే చెప్తాను. గొడవంతా తెచ్చింది ఆ నోరే గనక, దానికి ఈ శిక్ష పడాల్సిందే.

మన క్లబ్బులో రీడింగ్ రూము ఉంది కదా. పేపర్లూ, వారపత్రికలూ ఏ రోజువి ఆ రోజే వస్తాయి. కానీ ఆ గదిలోకి పోవాలంటే బిలియర్డ్స్ గదిలోంచే దారి. బిలియర్డ్స్ గదిలోకేమో ఆడవాళ్ళు రాకూడదు. ఎందుకు రాకూడదూ అంటే (నవ్వకండి) గాజుల చప్పుడుకి మగవాళ్ళ గురి తప్పుతుందట!

నాకైతే సెలవులయ్యాక బెజవాడ కాలేజీ లైబ్రరీ ఉంటుంది. బాధంతా మేరీ సుగుణది. మిషన్ బడి మాస్టారి అమ్మాయి, చిన్నప్పట్నించీ నా పక్కన కూర్చున్న పిల్ల. టీచర్ ట్రైనింగు పూర్తిచేసి ఇంట్లో కూర్చుంది. ఉద్యోగాల ప్రకటనలు పడేది పేపర్లోనే. ఆ పేపరు వాళ్ళింటికి చేరేది పొట్లమై! ఎ.కొండూరులో టీచరు ఖాళీ ఉందన్న సంగతి అది మరమరాల పొట్లం విప్పి చదివింది. చదివేసరికి ఆఖరు తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆ కాగితం మడతలు సరిచేసి నాకు చూపించినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉండవే, నీకు ఆ రీడింగ్ రూము తెరిపించకపోతే నా పేరు భారతి కాదు!" అన్నాను. ఇంకో పేరు వెతుక్కునే పని ఇప్పుడు పడింది.

ఇది అంతర్జాతీయ మహిళా సంవత్సరం కదా, క్లబ్బువాళ్ళు డిబేటు పెట్టారు. ఎక్కడ? వరండాలో! మహిళల్ని గడప దాటనివ్వని క్లబ్బు, గడప ఇవతల కుర్చీలేసి మహిళాభ్యుదయం గురించి మాట్లాడమంటుంది. అంతకంటే అవకాశం ఏం కావాలి? సెలవులకి వస్తూ కాలేజీ లైబ్రరీ నించి తెచ్చుకున్నవాటిలో బిలియర్డ్స్ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంటే, వారం ముందునించే దాన్ని నమిలి మింగేశాను.

నా వంతు రాగానే లేచాను.

"అధ్యక్షా! ఈ క్లబ్బులో బంతి వంకరగా పోయినప్పుడల్లా ఎవరి మీదో నింద పడుతుంది. ఒకరోజు ఫాను గాలి. ఒకరోజు రోడ్డు మీద పోయిన లారీ. ఇంకోరోజు వానకి చెమ్మగిల్లిన గుడ్డ. ఏమీ దొరక్కపోతే, ఎక్కడో పెరట్లో అంట్లు తోముకునే ఇల్లాలి గాజులు! అయ్యలారా, బంతి వంకరగా పోవడానికి కారణం కొట్టేవాడి దగ్గరే ఉంటుంది. కర్ర మొన బంతి నడిమధ్యన తగలకుండా ఓ పక్కకి తగిలితే బంతి బొంగరంలా తిరిగి దారి మళ్ళుతుంది. మోచెయ్యి పక్కకి ఊగితే కర్రా పక్కకి పోతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, దెబ్బ పూర్తికాకముందే తల ఎత్తడం! తలతో భుజం లేస్తుంది, భుజంతో కర్ర లేస్తుంది. తన తల తాను ఒక్క క్షణం దించి ఉంచలేనివాడు నా గాజుల్ని అంటాడా!"

అబ్బ, ఆ చప్పట్లు! క్లబ్బు సెక్రటరీ మా బాబాయే. కొట్టాలా వద్దా తేల్చుకోలేక చేతులు రెండూ గాల్లోనే ఉంచేశాడు. ప్రెసిడెంటుగారు విస్సన్నపేటలో మామిడితోటలున్న పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతారు. గొంతు సవరించుకున్నారు.

"సరేనమ్మా. నువ్వు చెప్పింది సబబుగానే ఉంది. సోమవారం నించి ఆడపిల్లలు వచ్చి చదువుకోండి. సెక్రటరీగారూ, రాసుకోండి."

సుగుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు.

చూశారా, గెలిచేశాను! అక్కడితో దణ్ణం పెట్టి ఇంటికి పోతే ఈ పాటికి నా పేరు ఊరంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళు. కానీ ప్రెసిడెంటుగారు ఇంకోమాట కూడా అన్నారు. "బాగా చెప్పావమ్మాయ్, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది."

ఆయన మెచ్చుకోవడానికే అన్నారు. ఇవాళ తెలుస్తోంది. నిన్న మాత్రం నాకది ఎత్తిపొడుపులా వినిపించింది.

"పుస్తకంలోనే కాదండీ, కావాలంటే బల్ల మీద కూడా చూపిస్తాను!"

సుగుణ నా పైట కొంగు లాగింది. "చాలే. ఇచ్చారుగా. పోదాం రావే."

"నువ్వుండవే!" అన్నాను.

ప్రెసిడెంటుగారు సరే రమ్మన్నారు. లోపలికి వెళ్ళాం. ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఆ బల్ల మా ఇంటి వంటగదంత ఉంది. బాబాయి ఎర్రబంతిని బల్ల మూలనున్న పాకెట్ చిల్లు అంచునే పెట్టాడు. తెల్లబంతిని దానికి సూటిగా, జానెడు ఇవతల పెట్టాడు. పాపం, అన్నకూతురు కదా! దగ్గితే పడిపోయేంత తేలిక చేసి పెట్టాడు. వరండాలో జనమంతా కిటికీల దగ్గర మూగారు.

కర్ర పట్టుకున్నాను. వంగాను. వంగినదాన్ని నోరు మూసుకుని కొట్టొచ్చుగా? ఉహూఁ. నాకు జనం కనబడితే నోరు ఆగదు.

"చూడండి, బంతి నడిమధ్యన గురి. మోచెయ్యి ఊగడం లేదు. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం, తల ఎత్తకూడదు!" అన్నాను.

అని, ప్రెసిడెంటుగారి మొహం ఎలా ఉందో చూద్దామని తల ఎత్తాను.

టక్కుమంది. కర్ర తెల్లబంతి కిందకి దూరింది. బంతి కప్పలా ఎగిరి బల్ల అంచు దాటి కింద పడింది. పడి ఊరుకుందా? దొర్లుకుంటూ, దొర్లుకుంటూ, తెరిచి ఉన్న తలుపులోంచి రీడింగ్ రూములోకి పోయింది. తిరువూరు ఆడపిల్లల తరఫున లోపల అడుగుపెట్టింది అదొక్కటే! ఎర్రబంతి మాత్రం పెట్టినచోటే నున్నగా మెరుస్తూ కూర్చుంది.

అప్పుడైనా పొరపాటైందని ఒప్పుకుంటే సరిపోయేది. అందరూ నవ్వేసేవాళ్ళు, సోమవారం సోమవారంలాగే వచ్చేది. కానీ డిబేటులో ఓడిపోతున్నప్పుడు క్షణంలో ఏదో ఒక జవాబు చెప్పాలని కదా నేర్చుకున్నాను! నా నోరు నన్నడక్కుండానే అనేసింది:

"ఎవరో గాజులు గలగలలాడించారు! అందుకే గురి తప్పింది!"



బాబాయి సుగుణ చేతులకేసి చూశాడు. దానికి ఒక చేతికి వాచీ, రెండో చేతికి ఏమీ లేదు. తర్వాత నా చేతులకేసి చూశాడు. నెమలి ఊరి తిరునాళ్ళలో అమ్మ కొని తొడిగించిన మట్టిగాజులు, మణికట్టు నించి ముంజేతి సగందాకా. అవి ఇంకా చప్పుడు చేస్తూనే ఉన్నాయి, మాటతోపాటు చేతులూ ఊపుతున్నానుగా.

ప్రెసిడెంటుగారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఏమ్మా, ఇన్నేళ్ళుగా మేమూ ఆ మాటే అంటున్నాం కదా!" అన్నారు. తర్వాత బాబాయి వైపు తిరిగి, "సెక్రటరీగారూ, ఇందాక రాసింది కొట్టెయ్యండి. పేపర్లు కిటికీలోంచి ఇప్పిద్దాం, మనవాళ్ళు చదివాక. వరండాలో కూర్చుని చదువుకుంటారు."

ఇంటికి వచ్చేదాకా బాబాయి సైకిలు ఎక్కలేదు, నా పక్కనే తోసుకుంటూ నడిచాడు. మా వీధి మొదట్లో ఒక్కసారి ఆగాడు. "నీ తరఫున మాట్లాడదామనే అనుకున్నానే. గాజుల మాట నువ్వే అన్నాక ఇంకేం మాట్లాడను?"

ఈ పొద్దున సుగుణ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నాకు పేపరు కావాలే భారతీ. నీకు చప్పట్లు కావాలి. రెండూ ఒకటే అనుకున్నాను" అంది.



"సోమవారం కిటికీ దగ్గరికి నేనూ వస్తానే" అన్నాను మెల్లగా.

"వద్దు తల్లీ! నువ్వొస్తే ఆ కిటికీ కూడా మూసేస్తారు." లేచి వెళ్ళబోతూ ఆగింది. దాని పెదవి చివర చిన్న నవ్వు. "అది సరే, బంతి సూటిగా పోవాలంటే ఏం చెయ్యాలన్నావే నిన్న?"

"తల దించుకుని ఉండాలి."

మరి నిన్న సాయంత్రం నించీ నేను దించిన తల ఎత్తలేదు. ఇప్పుడు ఆ కర్ర నా చేతికివ్వమనండి, ఎర్రబంతి ఎలా పడదో చూస్తాను!