కారు కంటే ముందు వచ్చిన మనిషి

మాది సిరిసిల్ల. సివిల్ డిప్లొమా చదివి ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. రెండేళ్ల క్రితం వానాకాలంలో మా ఇంటి ముందు కర్రతో కారు షెడ్డు కట్టించాను. ప్లాన్ గీసి, మున్సిపాలిటీ అనుమతి తీసుకుని, కోరుట్ల నుంచి టేకు దూలాలు తెప్పించాను. షెడ్డు పూర్తయింది, మరునాడు కొత్త కారు రావాలి. అమ్మ షెడ్డుకు మామిడాకులు కడుతోంది.

అప్పుడే వానలో ఎదురింటి ముందు అంబులెన్స్ ఆగింది. ఆ ఇంట్లో అద్దెకుండే మరమగ్గాల కార్మికుడు రాజేశం ఆసుపత్రిలో చనిపోయాడు. స్ట్రెచర్ దించగానే ఇంటి యజమాని గేటుకు అడ్డం వచ్చాడు.

"కిరాయి ఇంట్లకు పీనుగను తేవద్దమ్మా. నీకెరుకే గద."

మా వైపు ఇది అందరికీ తెలిసిన కట్టుబాటే. రాజేశం భార్య లక్ష్మి మా గేటు దగ్గరికి వచ్చి, "జర టార్పాలిన్ ఉంటే ఇయ్యున్రి. ఆయన తడుస్తుండు" అంది.

నేను లోపలికి వెళ్లబోతుంటే అమ్మ ఆపింది.

"షెడ్డు పెట్టుకొని టార్పాలిన్ ఏందిరా? మన దాంట్ల పండవెట్టున్రి."

"రేపు కారొస్తది గదమ్మా."

"అది వానల ఉన్నా ఏం గాదు తియ్."

కట్టిన మామిడాకులు తనే తెంపేసింది.

రాజేశం అంతిమయాత్ర అక్కడి నుంచే కదిలింది. కర్మలయ్యేదాకా యజమాని రానివ్వడు కనుక లక్ష్మి, ఆమె ఇద్దరు ఆడపిల్లలు షెడ్డులోనే ఉన్నారు. కారు రోడ్డు మీద తడిసింది.

ఇప్పటికీ అద్దె గదుల ప్లాన్లు గీస్తున్నాను. వంటకు, పడకకు, స్నానానికి చోటు చూపిస్తాను. మనిషి పోతే పడుకోబెట్టే చోటేదని ఇంతవరకు ఒక్క యజమానీ అడగలేదు.