లచ్చిరాం సార్ పోస్టు

మిర్యాలగూడ దగ్గర పడుతుండగానే ఉడికిన వడ్ల వాసన బస్సు కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. కాస్త తీపిగా, కాస్త పులిసినట్టుగా ఉంటుంది. మొన్న మా బి.ఏ. విద్యార్థులను రైస్ మిల్లు చూపించడానికి తీసుకెళ్తుంటే వెనక సీట్లో ఒకమ్మాయి ముక్కు మూసుకుని, "మేడం, గీ వాసనల పొద్దంత ఎట్లుండాలె?" అంది. నాకు మాత్రం ఆ వాసన రాగానే లచ్చిరాం సార్ గుర్తుకొస్తారు. నన్ను మొదటిసారి ఆ మిల్లులకు తీసుకెళ్లింది ఆయనే. బాయిలర్ పక్కన చెమటలో తడుస్తూ నిలబడి, ఉప్పుడు బియ్యం ఎక్కడికి పోతాయి, ఎవరు తింటారు, ధర ఎవరు నిర్ణయిస్తారు అని మిల్లు యజమానిని మాచేతే అడిగించారు. ఇప్పుడు నేను సూర్యాపేటలో డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్‌ని. నాకంటే ముందు ఆ పాఠాలు చెప్పింది ఆయనే. ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెప్పాలంటే ఆయన గురించే చెప్పాలి.

మాది తిరుమలగిరి వైపు ఒక పల్లె. నాన్న గొర్రెలు కాస్తాడు. ఇంటర్‌లో అంతంత మాత్రం మార్కులు రావడంతో ఈ సూర్యాపేట కాలేజీలోనే బి.ఏ.లో చేరాను. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్న నా స్నేహితురాళ్లు సెలవుల్లో ఎదురైతే ఏం చదువుతున్నావని అడుగుతారేమోనని పక్క సందులోంచి వెళ్లిపోయేదాన్ని. ఎకనామిక్స్ అంటే ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. మొదటి వారంలోనే సార్ నన్ను లేపి, "మీ నాయిన ఏం చేస్తడమ్మా?" అని అడిగారు.

"గొర్లు కాస్తడు సార్."

క్లాసులో ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు. "పొట్టేళ్లు ఎప్పుడమ్ముతడు?"

"బక్రీదు ముందల సార్. అప్పుడు కొనేటోళ్లు ఎక్కువుంటరు."

"మరి అందరు అప్పుడే తోలుకొస్తే ధర పడిపోదా?"

కాసేపు ఆలోచించాను. "పడుతది సార్. అందుకే మా నాయిన సంతకు తోలుకపోడు. జర ముందుగాల్నే బేరం మాట్లాడుకుంటడు."

సార్ బోర్డు మీద రెండు గీతలు గీశారు. ఒకటి పైకి, ఒకటి కిందికి. అవి కలిసేచోట సుద్దముక్కతో గుండ్రంగా చుట్టి, "రేణుక వాళ్ల నాయిన బేరం మాట్లాడేది గీడ. ఇయ్యాల మన పాఠం గిదే" అన్నారు. ఆ రోజు తర్వాత నేను పక్క సందులోంచి వెళ్లలేదు.

ఆయన హుజూర్‌నగర్ దగ్గరి ఒక తండాలో పుట్టారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కోదాడలో కిరాయి ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో సూర్యాపేటకు వచ్చేవారు. తల్లి ఫోన్ చేస్తే లంబాడీలో మాట్లాడేవారు, మాకు తెలుగులో చెప్పేవారు, బోర్డు మీద ఇంగ్లీషులో రాసేవారు. పీహెచ్‌డీ పూర్తిచేసి ఎన్నో ఏళ్లయినా ఆయనది గెస్ట్ లెక్చరర్ ఉద్యోగమే. ప్రతి ఏడూ మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. రెగ్యులర్ లెక్చరర్ ఎవరైనా వస్తే ఆయన తప్పుకోవాల్సిందే. ఈ సంగతి ఆయన మా దగ్గర దాచలేదు, దాని గురించి బాధపడుతూ కూర్చోనూ లేదు.

నాకు హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చినప్పుడు నాన్న వద్దన్నాడు. బి.ఈడీ. చేసి టీచరైతే చాలన్నాడు. ఒక ఆదివారం సార్ మా ఇంటికే వచ్చారు. నాన్న మంచం వాల్చి కూర్చోబెట్టి సూటిగా అడిగాడు. "గా చదువు చదివితే ఏమైతది సార్?"

"ఒక్కతీరుగ ఉండదు పెద్దాయనా" అన్నారు సార్. "నా దగ్గర చదివినామె ఒకామె బ్యాంకుల ఆఫీసరు. ఒకాయన హైదరాబాద్‌ల ఏదో కంపెనీల లెక్కలు సూస్తడు. ఇంకొకాయన కోదాడల ఎరువుల దుకాణం పెట్టిండు, మంచిగనే ఉన్నడు. అందరికంటె ఎక్కువ చదివింది నేను. నాది ఇంక పర్మనెంట్ కాలే."

చదివించమని చెప్పడానికి వచ్చిన మనిషి ఇలా మాట్లాడుతున్నాడేమిటని నేను తలుపు వెనక బిక్కచచ్చిపోయాను. సార్ వెళ్లాక నాన్న అమ్మతో, "ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. గీయన మాట మీద పంపియ్యొచ్చు" అన్నాడు.

ఎం.ఏ. అయ్యాక లెక్చరర్ అర్హత పరీక్ష కూడా పాసై ఇంటికొచ్చాను. ఏడాది తిరక్కుండానే డిగ్రీ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. నేనూ దరఖాస్తు చేశాను, సారూ చేశారు. ఇద్దరం ఒకే పరీక్ష రాయాలి. ఆ సంగతి తెలిసీ సార్ నన్ను రోజూ కాలేజీకి రమ్మన్నారు. మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక ఖాళీ గదిలో కూర్చుని చదివేవాళ్లం. నాకు అర్థంకాని సిద్ధాంతాలు ఆయన చెప్పేవారు. కొత్త సిలబస్‌లో వచ్చిన గణాంకాల భాగం యూనివర్సిటీలో చదివి వచ్చాను కాబట్టి అది నేను ఆయనకు చెప్పేదాన్ని. ఒకసారి స్టాఫ్ రూమ్‌లో పెద్దాయన ఒకరు, "ఏమయ్యా లచ్చిరాం, నీ సీటుకు నువ్వే ఎసరు పెట్టుకుంటున్నవా?" అని వేళాకోళమాడారు. సార్, "ఇద్దరం చదివితె ఒకరికన్న రాకపోదు గద సార్" అని ఊరుకున్నారు. ఆ మాట అప్పుడు తేలిగ్గానే వినిపించింది.

ఫలితాల్లో నా పేరుంది. ఆయన పేరు లేదు.

వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. నాకు ముద్ద దిగేది కాదు. ఈలోగా కాలేజీ ఎంచుకునే కౌన్సెలింగ్ తేదీ వచ్చింది. ఖాళీల్లో సూర్యాపేట ఉంది. అది తీసుకుంటే సార్ ఉద్యోగం పోతుంది. ఎక్కడో అడవి జిల్లాలో దూరంగా ఉన్న కాలేజీ కోరుకోవాలని నిర్ణయించుకుని, ఆ మాట చెప్పడానికి కోదాడ వెళ్లాను.

తలుపు తీసింది ఆయన భార్య విజయక్క. ఇంటి ముందు గదిలోనే ఆమె కుట్టు మిషన్. "రామ్మా, కూర్చో. ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. నువ్వే పలకరించు" అని మళ్లీ మిషన్ తొక్కసాగింది. సార్ గడ్డం పెరిగి ఉన్నారు. నన్ను చూసి కుర్చీ జరిపారు గానీ నవ్వలేదు. నేను అనుకున్నది చెప్పాను.

"ఎందుకు?" అన్నారు.

"మీ పోస్టుల నేనెట్ల కూసుంట సార్?"

"అది నా పోస్టు ఎన్నడు కాలే రేణుకా. నువ్వు తీస్కోకుంటె నీ ఎనక ర్యాంకాయన తీస్కుంటడు. నేనెట్లైన పోవుడే. గాయనకు ఈ పిల్లలు ఏడికెల్లి వస్తరో, ఎందుకు లేటుగ వస్తరో తెల్వదు. నీకు తెలుసు." గోడవైపు చూస్తూ అన్నారు. "నువ్వే రా. నేనే అడుగుతున్న."

విజయక్క మిషన్ ఆపేసింది. కౌన్సెలింగ్ రోజున నేను సూర్యాపేటే కోరుకున్నాను.

నేను చేరిన రోజు ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. నన్ను క్లాసులోకి తీసుకెళ్లి, "ఈమె మన కాలేజీ పిల్లనే. నాకంటె మంచిగ చెప్తది. పరేషాన్ చెయ్యకుండ్రి" అని పిల్లలకు చెప్పారు. ఎవరికి లెక్కలంటే భయమో, ఎవరు పొద్దున పాలు పోసి వస్తారో, ఎవరు ఫీజు కట్టలేక మానేసేలా ఉన్నారో కారిడార్‌లో నడుస్తూ చెప్పారు. తర్వాత బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయారు. నేను క్లాసులోకి తిరిగి వెళ్లి పాఠం మొదలుపెట్టాను.

ఆ తర్వాత కొంతకాలం ఆయనకు పనిలేదు. విజయక్క కుట్టు మీదే ఇల్లు నడిచింది. చివరికి హుజూర్‌నగర్ చుట్టుపక్కల రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీలో మేనేజరుగా చేరారు. అందరి వడ్లూ ఒకచోట చేర్చి, మిల్లులవాళ్లతో బేరం మాట్లాడటం ఆయన పని. పోయినేడు నేను ఆ ఆఫీసుకు వెళ్లాను. ఒక రైతు తేమ శాతం గురించి గొడవపడుతుంటే సార్ ఓపికగా నచ్చజెబుతున్నారు. మనిషి కాస్త ఒళ్లు చేశారు. గొడవ సద్దుమణిగాక బయట టీ కొట్టు దగ్గర నిలబడి టీ తాగాం.

"క్లాసు యాదికొస్తదా సార్?" అని అడిగాను.

"రోజు యాదికొస్తది. అబద్ధమెందుకు."

ఎప్పటినుంచో అడగాలనుకున్నది కూడా అప్పుడే అడిగేశాను. "నా మీద కోపం రాలేదా?"

"మస్తు వచ్చింది. ఫోన్ ఎత్తలే గద." టీ గ్లాసు కింద పెట్టి నవ్వారు. "నువ్వు ఇంటికొచ్చిన్నాడు గూడ పోలే. కోపం పొయ్యేదాక ఆగుదమనుకుంటె నీ కౌన్సెలింగ్ అయిపోతుండె. కోపం నాది. దానికి నువ్వెందుకు దూరం పోవాలె?"

ఆయనకు నా మీద కోపం లేదు కాబట్టే రమ్మన్నారని అన్నేళ్లూ అనుకున్నాను. ఎవరికైనా మేలు చేయాలంటే ముందు మన మనసు తేలికపడాలని నా నమ్మకం. అలా ఆగనక్కర్లేదని ఆ టీ కొట్టు దగ్గర తెలిసింది.

ఈ ఏడు మా ఫైనలియర్‌లో ఒకబ్బాయి ఉన్నాడు. తెలివైనవాడు, నోటి దురుసు ఎక్కువ. నాకు పాఠం చెప్పడం రాదని తోటి విద్యార్థుల ముందే అన్నాడు. మొన్న అతనికి ఎం.ఏ. ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. సిఫారసు ఉత్తరం కావాలని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు. చూడగానే ఒళ్లు మండింది. కూర్చోమన్నాను. అతని తెలివి గురించి, అతను అడిగే ప్రశ్నల గురించి నాకు తెలిసిన మంచంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అతను థాంక్స్ చెప్పి వెళ్లాక కూడా నా కోపం తగ్గలేదు.